కంపెనీలే వెనక్కి తీసుకోవాలన్న చట్టం ఉంటే, మా కాలువలో ఈ ప్యాకెట్లేమిటి?

మీరు అడిగింది సబబే. ప్యాకింగ్ చెత్త బాధ్యత అమ్మిన కంపెనీదేనని చట్టం వచ్చిందంటారు, మరి వేసవిలో కాలువ కట్టేయగానే లాకుల దగ్గర షాంపూ, చిప్స్ ప్యాకెట్లు మేట వేసి ఎందుకు కనబడుతున్నాయి అని. నేను పాలకొల్లు వైపు పాత పేపర్లు, అట్టపెట్టెలు, సీసాలు కొనే కొట్టు పదకొండేళ్లుగా నడుపుతున్నాను. కాటా దగ్గర కూర్చుంటే తెలిసిన సంగతే చెబుతాను.

చట్టం ఉన్నమాట నిజం. ఈపీఆర్ (ఎక్స్‌టెండెడ్ ప్రొడ్యూసర్ రెస్పాన్సిబిలిటీ) అంటారు, సరుకుతో పాటు దాని ప్యాకింగ్ చెత్తకీ కంపెనీదే పూచీ అని. 2022 ఫిబ్రవరి 16న కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. ఎన్ని టన్నుల ప్లాస్టిక్ ప్యాకింగ్ బజార్లోకి వదిలారో కంపెనీలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్లో చూపించాలి. 2024-25లో సీసాల్లాంటి గట్టి ప్లాస్టిక్‌లో కనీసం 50 శాతం, కవర్లు, చిప్స్ లాంటి పొరల ప్యాకెట్లలో 30 శాతం రీసైకిల్ కావాలన్నారు. ఇది ఏటా పెరిగి 2027-28కి 80, 60 అవుతుంది. అయితే కంపెనీ మనిషి వచ్చి మీ కాలువలో ఏరనక్కర్లేదు. దేశంలో ఎక్కడున్నా సరే, రిజిస్టరైన రీసైక్లర్ దగ్గర అన్ని టన్నులు రీసైకిల్ చేసినట్టు సర్టిఫికెట్ కొంటే లెక్క సరిపోతుంది.

అసలు మెలిక ఇక్కడే ఉంది. ఒట్టి ప్లాస్టిక్‌తో చేసిన షాంపూ ప్యాకెట్టు, పాల కవరు, క్యారీ బ్యాగు అన్నీ లెక్కలో ఒకే తరగతి. లెక్కేమో బరువు మీద. పాల కవర్లు కడిగి ఎండబెడితే మంచి సరుకు, ఎవరైనా కొంటారు. షాంపూ ప్యాకెట్టు గ్రాము అటూ ఇటూ తూగుతుంది. కిలో కావాలంటే వెయ్యి దాకా ఏరాలి, బురద కడగాలి. కాగితం మీద రెండూ ఒకటే అయినప్పుడు రీసైక్లర్ దేని జోలికి వెళ్తాడో మీరే చెప్పండి.

మా కొట్టుకి సరుకు తెచ్చే ఒకావిడ ఉంది. కాలువ ఎండిన రోజుల్లో పొద్దున్నే దిగుతుంది. నీళ్ల సీసా దొరికితే మూత తీసి, బురద నీళ్లు వంపేసి, మడమతో ఒక్క తొక్కు తొక్కి గోతాంలో వేస్తుంది. పక్కనే ఉన్న ప్యాకెట్లను కాలితో పక్కకు నెడుతుంది. ఒకసారి అడిగితే, "ఇయ్యి కూడా కొంటానంటే రోజుకి రెండు గోతాలు తెస్తానండి బాబూ, ఊరికే ఎందుకు మొయ్యాలండి?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

లేదంటే లేదనీ కాదు, ఒకసారి దొరికినట్టే దొరికి జారిపోయింది. రెండేళ్ల కిందట కంపెనీల తరఫున అంటూ ఒక ఏజెన్సీ వాళ్లొచ్చారు. చిప్స్, బిస్కెట్ ప్యాకెట్లకి కిలోకి నాలుగు రూపాయలిస్తాం, నువ్వు కొని పోగెయ్యి అన్నారు. నేను ఆవిడకి రెండున్నర ఇచ్చాను. నిజంగానే రోజూ గోతాలు దిగాయి. ఊళ్లో పిల్లలు కూడా తెచ్చారు. రెండుసార్లు లోడు ఎత్తారు, తర్వాత ఫోను తీయడం మానేశారు. ఆ లోపు షెడ్డు నిండిపోయింది, కారం పొడి వాసనకి ఎలుకలు, చీమలు. మా ఆవిడ ఒక వారం నాతో మాట్లాడలేదు.

వాళ్ల ఇబ్బందీ నాకు కొంత అర్థమైంది. ఈ పొరల ప్యాకెట్లు కరిగించి మళ్లీ సరుకు చేయడం కష్టం, ఎక్కువగా సిమెంట్ ఫ్యాక్టరీల బట్టీల్లో మండించడానికి పంపాలి. డెల్టాలో సిమెంట్ ఫ్యాక్టరీ లేదు. జగ్గయ్యపేట వైపో, పల్నాడో పోవాలి. లారీ నిండుతుంది గానీ బరువు ఉండదు, కిరాయి మాత్రం నిండు లారీదే. ప్యాకెట్లను నొక్కి బేళ్లు కట్టే మిషను ఉంటే తప్ప గిట్టదు. ఆ మిషను ఖర్చు కంపెనీ పెట్టుకోవడమే కదా బాధ్యతంటే. మండల కేంద్రానికొకటి పెడితే చాలు, ఏరేవాళ్లు వాళ్లే వస్తారు.

పేపరు గురించి కూడా అడిగారు. అట్టపెట్టెకి చట్టం అక్కర్లేకుండానే ధర ఉంది, అందుకే కాలువలో అట్ట కనబడదు. కడియంలో పాత కాగితంతో నడిచే మిల్లు ఉంది, ఇంకా దూరాల నుంచీ కొంటారు. మన వాతావరణంలో తడే పెద్ద టెన్షన్. వానాకాలంలో లోడు దించితే తడి తరుగు కింద కొంత కోసేస్తారు. కాగితం, గాజు, లోహం ప్యాకింగ్‌కి కూడా ఈపీఆర్ పెడుతూ 2024 డిసెంబరులో ముసాయిదా నిబంధనలు వచ్చాయి. నన్నడిగితే, అందులో అన్నిటికన్నా ముందు పట్టుకోవాల్సింది లోపల ప్లాస్టిక్ పూత ఉన్న టీ కప్పుల్ని. అవి పేరుకే పేపరు, మిల్లువాళ్లు ముట్టుకోరు. పూతరేకుల పెట్టెలైనా అంతే, నెయ్యి అంటిన అట్టని విడిగా తీసేయాలి.

ఇంట్లో ఏం చేయాలంటారా, పాల కవర్లు కడిగి ఆరబెట్టండి, అట్టలు తడవకుండా ఉంచండి, ఆ రెండూ ఏ కొట్టువాడైనా కొంటాడు. ప్యాకెట్లు ఒక సంచిలో వేసి పంచాయతీ చెత్త సంపద కేంద్రానికి ఇవ్వండి. నా షెడ్డులో మిగిలినవీ చివరికి అక్కడికే పంపాను, ట్రాక్టరు కిరాయి నేనే పెట్టుకుని. ఇంకా రెండు గోతాలు మిగిలాయి. వాన పడినప్పుడు షెడ్డు గుమ్మానికి అడ్డంగా వేస్తే, నీళ్లు మాత్రం బాగా ఆపుతున్నాయి.