యుద్ధంలో ఉన్న సూడాన్‌లో వాతావరణ ఉద్యమం ఏంటి? నిస్రీన్ ఎల్‌సాయిమ్ ఎవరు?

ఖార్టూమ్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చదివిన సూడాన్ యువతి. 2020లో ఐరాస ప్రధాన కార్యదర్శి గుటెరస్ వాతావరణ మార్పుపై వేసిన యువ సలహా బృందానికి అధ్యక్షత వహించింది, ఆ జులైలోనే భద్రతా మండలిలో మాట్లాడింది. యుద్ధాలు, ఆంక్షలు చర్చించే చోట ఎండల గోల ఎందుకంటారా? సూడాన్‌లో యుద్ధం, ఎండలు కలిసే ఉన్నాయి.

దేశానికి పశ్చిమాన ఉన్న డార్ఫర్ ప్రాంతాన్నే తీసుకోండి. అక్కడ ఒంటెలు, పశువులు కాసేవాళ్లు ఎండాకాలంలో ఉత్తరం నుంచి దక్షిణానికి దిగేవాళ్లు, పంట కోసేశాక ఆ చేలల్లోనే మేపుకునేవాళ్లు, ఏదైనా పేచీ వస్తే పెద్దమనుషులు కూర్చుని నష్టపరిహారంతో తేల్చేవాళ్లు. 1980లలో భారీ కరువు వచ్చింది, ఉత్తరాన గడ్డి లేదు, మందలు కోతకు ముందే వచ్చి నిలిచిన పైరు మీద పడేసరికి పాత ఒప్పందాలు నిలవలేదు.

అలాగని తప్పంతా వానల మీదకే నెట్టేస్తే పాలకులు తేలిగ్గా తప్పించుకుంటారు (వాళ్లకీ అదే కావాలి). 2003లో డార్ఫర్‌లో తిరుగుబాటును అణచడానికి జంజవీద్ అనే స్థానిక ముఠాలకు తుపాకులిచ్చింది ప్రభుత్వమే. ఆ ముఠాల్లోంచి పుట్టిన ఆర్‌ఎస్‌ఎఫ్ (రాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్) అనే సాయుధ దళం, 2023 ఏప్రిల్ నుంచి సైన్యంతోనే యుద్ధానికి దిగింది.