మనకు నూట పదహార్లు, వాళ్ళకు అయిదొందల ఇరవై

ప్రశ్న: అన్నా, ఈ ఫిబ్రవరిలో షాంఘైలో ఉద్యోగంలో చేరాను. పద్నాలుగో తేదీన ప్రేమికుల రోజు హడావుడి ఉంటుందనుకుంటే, ఆఫీసులో అందరూ సూట్‌కేసులు పట్టుకుని స్టేషన్‌కి పరిగెత్తారు. ఆ తర్వాత మే 20 అన్నారు. ఇప్పుడేమో ఆగస్టు 19 అంటున్నారు. ఎప్పుడు ఎవరికి శుభాకాంక్షలు చెప్పాలి, ఏం ఇవ్వాలి?

జవాబు: తమ్ముడూ, ఏం ఇవ్వాలో తర్వాత చూద్దాం, ముందు ఏం ఇవ్వకూడదో తెలుసుకో. ఆ పాఠానికి నేను ఫీజు కట్టే ఉన్నాను.

వచ్చిన మొదటి ఏడాది మే నెలలో ఒక మధ్యాహ్నం, మా టీమ్‌లో ఒకమ్మాయి కిందికి వెళ్తూ నాకూ మా మేనేజరుకూ కాఫీలు తెచ్చిపెట్టింది. రెండూ కలిపి 52 యువాన్లు. ఉత్తినే డబ్బు పంపితే బాగోదని, ఇక్కడి చాటింగ్ యాప్ వీచాట్‌లో ఎర్ర కవరు, అంటే వీళ్ళు కానుకగా డబ్బు పెట్టిచ్చే కవరు, తీసి అందులో 52 పెట్టి పంపాను. ఆమె తెరవలేదు. పది నిమిషాలు చూశాను, తెరవలేదు. పక్క సీటతను నా ఫోన్ చూసి, నవ్వాపుకుంటూ క్యాలెండర్ చూపించాడు. మే 20.

చైనీస్‌లో 5, 2, 0 అంకెల్ని 'వూ అర్ లింగ్' అని చదువుతారు. 'వో ఐ నీ' అంటే నిన్ను ప్రేమిస్తున్నాను. మన చెవికి పెద్దగా పోలిక దొరకదు గానీ వాళ్ళ చెవికి రెండూ దగ్గరే. ఆ రోజు 5.20 పంపినా, 52 పంపినా, 520 పంపినా అర్థం ఒకటే. అదీ ఎర్ర కవరులో అయితే ఇక సంతకం పెట్టి ఇచ్చినట్టే. తెరవని కవరు ఇరవై నాలుగు గంటల తర్వాత దానంతటదే వెనక్కి వస్తుంది. నాదీ వచ్చింది. కాఫీ డబ్బులు మర్నాడు 53 చేసి ఇచ్చాను.

ఇది మనకు అర్థం కాని సంగతేం కాదు. పెళ్ళికెళ్తే నూట పదహార్లు చదివిస్తాం, ఉత్త వంద చదివించడానికి చెయ్యి రాదు. వాళ్ళు అంకెలో మాట వింటారు, అంతే. 1314 అంటే 'ఈ జన్మంతా'. వీచాట్ ఎర్ర కవరుకి మామూలుగా 200 యువాన్లు పరిమితి. మే 20 కోసమని దాన్ని 520కి పెంచిన సందర్భాలున్నాయి. ఆ రోజు పెళ్ళి రిజిస్ట్రేషన్ ఆఫీసుల ముందు క్యూలు చూడాలి. మనం పంచాంగం చూసి ముహూర్తం పెట్టించుకుంటే వీళ్ళు తేదీ పలికే తీరు చూసి పెట్టుకుంటారు. 2025 మే 10 నుంచి సొంతూరు వెళ్ళక్కర్లేకుండా దేశంలో ఎక్కడైనా రిజిస్టర్ చేసుకోవచ్చని రూలు మార్చాక ఆ పని ఇంకా సులువైంది.

ఇక ఫిబ్రవరి 14. నేను ఇక్కడికి రాకముందు నాలుగేళ్ళు న్యూజెర్సీలో ఉన్నాను. అక్కడ మా పాప స్కూల్ నుంచి క్లాసు పిల్లలందరి పేర్లతో చీటీ వచ్చేది. ఒక్కరినీ వదలకుండా అందరికీ కార్డు రాయాలి, టీచరుకి కూడా. మా ఆవిడా నేనూ రాత్రి పదకొండు దాకా కూర్చుని చాక్లెట్లు అంటించేవాళ్ళం. అక్కడ ప్రేమికుల రోజు పిల్లలకీ, స్నేహితులకీ, అమ్మానాన్నలకీ కూడా కాస్త చెందుతుంది. ఇక్కడ దాన్ని 'చింగ్ రెన్' పండగ అంటారు. ఆ మాటకి ప్రియుడు, ప్రియురాలు అనే కాదు, పెళ్ళి బయట పెట్టుకున్న మనిషి అనే అర్థం కూడా ఉంది. అందుకని పెళ్ళయిన మేనేజరుకి సరదాగా శుభాకాంక్షలు చెప్పే ఆలోచన మానుకో. పైగా ఈ ఏడాది చైనా కొత్త సంవత్సరం ఫిబ్రవరి 17న వచ్చింది. అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళే రైలు ముందు గులాబీ పువ్వు ఏ మూలకి?

నాకు మనసైంది మాత్రం ఆగస్టుదే. చీషీ అంటారు, చాంద్రమానం ఏడో నెల ఏడో రోజు. దీన్ని 'చైనా వాలెంటైన్స్ డే' అని చెప్పేసి ఊరుకుంటారు, నాకది నచ్చదు. కథలో ఉన్నది ప్రేమ చెప్పుకుంటున్న జంట కాదు, పెళ్ళయి ఇద్దరు పిల్లలున్న ఆలుమగలు. అతను పశువుల కాపరి. ఆమె దేవలోకంలో బట్టలు నేసే పిల్ల. ఆమెను పైకి పట్టుకుపోతే, అతను పిల్లలిద్దర్నీ కావడి బుట్టల్లో కూర్చోబెట్టుకుని వెంటపడ్డాడు. దేవమాత తన జడపిన్ను తీసి ఆకాశంలో గీత గీసింది. అదే నది అయింది. వాళ్ళు వెండి నది అంటారు, మనం పాలపుంత అంటాం. ఏడాదికి ఒక్క రాత్రి మాగ్‌పై పిట్టలన్నీ ఎగిరొచ్చి వంతెన కడితే ఇద్దరూ కలుసుకుంటారు. ఆ రోజు వాన పడితే వాళ్ళ కన్నీళ్ళంటారు. తొక్కించుకోవడం వల్ల ఆ పిట్టల తల మీద ఈకలు రాలిపోతాయట. వీసా ఒకరికొచ్చి ఇంకొకరికి రాక ఏళ్ళు గడిపిన మనవాళ్ళకి ఈ కథ ఇంకెవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ నేతపిల్ల చుక్క మన అభిజిత్తు. కాపరి చుక్క మన శ్రవణం. శ్రవణంలో మూడు చుక్కలు కదా, నడిమిది తండ్రి, అటొకరూ ఇటొకరూ పిల్లలు. మన శ్రవణ కుమారుడి కావడిలో అమ్మానాన్నలు కూర్చుంటే వీళ్ళ కావడిలో పిల్లలు కూర్చున్నారు. శ్రావణమాసానికి పేరొచ్చింది ఆ చుక్క నుంచే. చాలా ఏళ్ళు చీషీ కూడా శ్రావణ శుద్ధ సప్తమి దగ్గర్లోనే పడుతుంది, ఈ ఏడాదీ అంతే. మా ఆవిడ వరలక్ష్మీ వ్రతం సరుకుల జాబితా రాసే రోజుల్లోనే కింది ఫ్లాట్ షాన్‌డాంగ్ పెద్దావిడ చెక్క అచ్చు బయటికి తీస్తుంది. చేప, తామర చెక్కిన అచ్చు. పిండి ముద్ద అందులో నొక్కి, బోర్లించి, నేల మీద కాదు అరచేతిలో ఠప్పున కొడుతుంది. పెనం మీద కాల్చి, ఎర్ర దారానికి గుచ్చి, పిల్లల మెళ్ళో వేస్తుంది. పూర్వం ఇది ఆడపిల్లల పండగేనట. వెన్నెల్లో సూదిలో దారం ఎక్కించి, కుట్టుపనిలో నేర్పు ఇమ్మని నేతపిల్లని అడిగేవారు. 2006లో ప్రభుత్వం దీన్ని జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడైతే హోటళ్ళకీ పూల కొట్లకీ మంచి బేరం.

డిసెంబరులో ఇంకో తిరకాసు. అమెరికాలో క్రిస్మస్ ఇంటిల్లిపాదీ కూర్చునే పండగ. ఇక్కడ క్రిస్మస్ ముందు రాత్రి జంటలు షికారుకెళ్తాయి, రంగు కాగితం చుట్టిన ఆపిల్ ఇచ్చుకుంటారు. ఆ రాత్రి పేరూ ఆపిల్ పేరూ ఒకేలా మొదలవుతాయి, అందుకని.

పూలు కొంటే గులాబీలే కొను. మన పెళ్ళిళ్ళలో పందిరి నిండా కట్టే పసుపు చామంతి ఇక్కడ సమాధుల దగ్గర పెట్టే పువ్వు. గోడ గడియారం ఇవ్వకు, ఆ మాట ఆఖరి ఘడియల్లో దగ్గరుండి సాగనంపడంలా వినిపిస్తుంది. ఆకుపచ్చ టోపీ మగవాడికి అసలే వద్దు, అతని భార్య గురించి పెద్ద నింద వేసినట్టవుతుంది. బేరిపండు కోసి జంటకి చెరో ముక్క పెట్టకు, ఆ పండు పంచుకోవడమన్న మాట విడిపోవడంలా వినిపిస్తుంది.

ఆగస్టు 19న సాయంత్రం ఆరింటికి మీటింగ్ పెట్టకు. ఆ రోజు వాన పడేలా ఉంటే గొడుగు పట్టుకెళ్ళు, కానీ నీకోసమే. గొడుగుని వీళ్ళు 'సాన్' అంటారు, విడిపోవడాన్నీ ఇంచుమించు అలాగే అంటారు. ఎవరైనా తడుస్తూ కనిపిస్తే ఇంటిదాకా దింపి, గొడుగు నీ చేత్తోనే వెనక్కి తెచ్చేసుకో.