'పవర్‌హౌస్' దగ్గరే ఆగిపోకు

అమ్మాయీ,

కిడ్నీల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి వాక్యంలోనే మైటోకాండ్రియాను 'కణానికి పవర్‌హౌస్' అన్నావు. స్కూలు పుస్తకం నుంచీ అందరూ అనే మాటే. అది కొట్టేసి, ఆ శక్తి దేనికి ఖర్చవుతుందో రాయి.

కిడ్నీలు రక్తం నుంచి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవం వడగడతాయి. మూత్రంగా బయటికి పోయేది లీటరున్నర, రెండు లీటర్లు. వడకట్టడానికి గుండె ఇచ్చే ఒత్తిడి సరిపోతుంది. మిగతాదంతా వెనక్కి లాక్కోవడమే అసలు చాకిరీ. అందులో మూడింట రెండు వంతులు ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ (వడపోత అయిన వెంటనే వచ్చే సన్నని గొట్టం) కణాల నెత్తినే పడుతుంది. తమాషా ఏమిటంటే, ఈ కణాలు గ్లూకోజ్‌ను రక్తానికి తిరిగి అప్పగిస్తాయి గానీ తాము పెద్దగా ముట్టుకోవు. ఎక్కువగా కొవ్వునే మండించుకుని బతుకుతాయి. కొవ్వు మండాలంటే ఆక్సిజన్ కావాలి, మైటోకాండ్రియా బాగుండాలి.

మైటోకాండ్రియా దెబ్బతింటే ఏమవుతుందో నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు. కథంతా అక్కడే ఉంది కదా! మండని కొవ్వు బొట్లుబొట్లుగా కణంలో పేరుకుంటుంది. ఉప్పును వెనక్కి లాగడానికి తోడ్పడే సోడియం పంపులు నీరసిస్తాయి. మైటోకాండ్రియా డీఎన్ఏ ముక్కలు బయటికి కారితే, కణం వాటిని సూక్ష్మజీవి డీఎన్ఏ అనుకుని కంగారు పడుతుంది. మైటోకాండ్రియా పూర్వీకులు బ్యాక్టీరియాలే మరి. ఆ కంగారే వాపుగా మారి, చివరికి కిడ్నీలో మచ్చ కడుతుంది.

'కారణం' అనే మాట మాత్రం ఆచితూచి వాడు. డయాబెటిస్‌లో జబ్బు మైటోకాండ్రియాను పాడుచేస్తుంది, పాడైన మైటోకాండ్రియా జబ్బును పెంచుతుంది. అక్కడ 'తోడవుతుంది' అను, చాలు. మైటోకాండ్రియా శక్తి తయారీకి కావాల్సిన కోఎంజైమ్ క్యూ10 అనే పదార్థాన్ని తయారుచేసే జన్యువుల్లో లోపంతో పుట్టిన పిల్లల విషయంలో 'కారణం' అని ధైర్యంగా రాయొచ్చు. పోడోసైట్లు (కిడ్నీ జల్లెడలో ఉండే కణాలు) దెబ్బతిని మూత్రంలో ప్రోటీన్ పోతుంది, స్టెరాయిడ్లకు లొంగదు. తొందరగా పట్టుకుంటే కొందరికి క్యూ10 పనిచేస్తుంది. ఇది ఆ లోపం ఉన్నవాళ్ల సంగతేనని పక్కనే రాయి, లేకపోతే చదివినవాళ్లు మందుల షాపుకి పరిగెడతారు.

నేనైతే టెనోఫోవిర్‌తో మొదలుపెట్టేదాన్ని. హెచ్ఐవీకి వాడే ఆ మందు కొద్దిమందిలో ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ కణాల మైటోకాండ్రియానే దెబ్బతీస్తుంది. ఆ కణాలు గ్లూకోజ్‌ను వెనక్కి లాక్కోలేవు కాబట్టి, రక్తంలో షుగర్ మామూలే, మూత్రంలో మాత్రం కనిపిస్తుంది. డాక్టర్‌ని అడక్కుండా మందు ఆపొద్దని ఆ పేరాలోనే చెప్పు. ఒకప్పుడు ఇలాంటి హెచ్చరిక నేను మర్చిపోతే, ఒక పాఠకుడు మాత్రలు మానేశానని ఫోన్ చేశాడు. ఆ టెన్షన్ నీకొద్దు.

తిరగరాసి పంపు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో కొలిచే వ్యర్థం) ఆలస్యంగా పెరుగుతుందన్న పేరా బాగుంది, దాన్ని కదపకు.