అరిచే మేనేజర్ లోపలి భయం: పైడిభీమవరం షిఫ్టుల్లో నేను చూసింది

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: మీ మేనేజర్ చిన్న విషయానికి కూడా అందరి ముందు అరుస్తారు, ప్రతి మెయిల్లో తన పేరు ఉండాలంటారు, ఏ నిర్ణయమూ కింద వాళ్లకి వదలరు. ఇలాంటి వాళ్లలో లోపల భయం ఉంటుందని ఎవరో చెప్పారు, అది నిజమేనా, నిజమైతే వాళ్ల కింద ఎలా పనిచేయాలి అని అడిగారు. నేను చూసినంతలో చాలా వరకు నిజమే. కాకపోతే పెద్ద కుర్చీలో ఉన్నవాళ్ల భయం భయంలా ఉండదు. స్ట్రిక్టుగా ఉన్నట్టు, పని మీద శ్రద్ధ ఉన్నట్టు, అన్నీ దగ్గరుండి చూసుకుంటున్నట్టు కనిపిస్తుంది. అందుకే అది చాలా ఏళ్లు ఎవరికీ పట్టుబడదు.

నేను శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం పైడిభీమవరంలో మందుల ముడిసరుకు చేసే ఒక యూనిట్లో ప్రొడక్షన్ షిఫ్ట్ ఇన్‌చార్జిగా చాలాకాలం పనిచేశాను. యూనిట్ పేరు అనవసరం. విజయనగరం నుంచి కంపెనీ బస్సులో వెళ్లి వచ్చేవాణ్ణి. నా కింద ఆపరేటర్లలో ఎక్కువమంది లావేరు, ఎచ్చెర్ల, రణస్థలం వైపు ఊళ్లవాళ్లు, సగం మంది కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు. కాంట్రాక్టు వాళ్లకి గేటు పాసే ఉద్యోగం, అది ఆపేస్తే మర్నాటి నుంచి కూలి లేదు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

అప్పటి మా ప్రొడక్షన్ మేనేజర్ బీయస్సీ కెమిస్ట్రీ చదివి, మామూలు కెమిస్టుగా చేరి, ఇరవై ఏళ్ల పైన కష్టపడి ఆ స్థాయికి వచ్చిన మనిషి. పని ఆయనకి తెలిసినట్టు యూనిట్లో ఎవరికీ తెలీదు, ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ రోజూ ఉదయం తొమ్మిది గంటల మీటింగులో ఆయన మొదటి ప్రశ్న "ఎవరు?" అని. బ్యాచ్ ఆలస్యమైంది, ఎవరు? డ్రమ్ము కారింది, ఎవరు? ఏమైందో తర్వాత సంగతి, ముందు పేరు కావాలి. ఆ పేరుకి ఒక అరుపు, ఒక్కోసారి ఒక మెమో. కొత్తగా చేరిన ఎంటెక్ కుర్రాళ్లు ఏదైనా అడిగితే సమాధానం చెప్పకుండా "మీ కాలేజీలో చెప్పలేదా" అనేవారు. ఒక ప్రొడక్టులో క్రిస్టల్స్ కట్టడానికి సీడింగ్, అంటే ముందే చేసిన కాసిన్ని స్ఫటికాలు, ఏ టెంపరేచర్ దగ్గర, ఏ చిక్కదనం చూసి వెయ్యాలో ఆయన జేబు డైరీలోనే ఉండేది. బ్యాచ్ రికార్డులో ఉన్న రేంజి చాలా వెడల్పు, అసలు కిటుకు ఆ డైరీలోనే. ఆయన ఊరెళితే ఆ బ్యాచ్ రియాక్టర్లో అలా తిరుగుతూ ఉండాల్సిందే.

ఇదంతా అహంకారమని మేమందరం అనుకున్నాం. అది కాదని నాకు అనుమానం వచ్చింది ఒక చిన్న విషయం చూశాక. హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి ఫోన్ వస్తే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడేవారు. అవతలివాళ్లకి కనిపించరు కదా, అయినా లేచి నిలబడి, ఎడం చేత్తో చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి టేబుల్ మీద పరిచి, అందులో ఈ వారం యీల్డులు (ఎంత సరుకు చేతికొచ్చిందో), పెండింగు బ్యాచ్‌లు వేలితో చూసుకుంటూ మాట్లాడేవారు. ఆ కాగితం ఎన్నిసార్లు విప్పి మడిచారో, మడతల దగ్గర చిరిగిపోయి టేపు అతికించి ఉండేది. తర్వాత ఎప్పుడో బస్సులో పక్కన కూర్చున్నప్పుడు ఆయనే చెప్పారు, అంతకు ముందు చేసినచోట ఒక ఆడిట్లో బయటపడిన లోపాన్ని పైవాళ్లు మొత్తం ఆయన మీదకి నెట్టేసి ఉద్యోగం తీసేశారట. అమ్మాయి ఎంబీబీఎస్ చదువుతోంది, ఇంటి లోను ఉంది, ఆ వయసులో మళ్లీ బయటపడితే ఎవరు తీసుకుంటారని. ఆ మనిషి రోజంతా అరిచిన అరుపులన్నీ అక్కణ్ణుంచి వచ్చినవే. తప్పు జరిగినప్పుడు ఇంకొకరి పేరు ముందే సిద్ధంగా ఉండాలి, లేకపోతే ఆ పేరు తనదవుతుంది.

సరే, దీనివల్ల కింద ఏం జరిగిందో చెబుతాను, మీ ప్రశ్నకి అసలు జవాబు అక్కడే ఉంది.

మా దగ్గర వాక్యూమ్ ట్రే డ్రయర్ ఒకటి ఉండేది. తడి పౌడరు ట్రేల్లో పరిచి, తలుపు బిగించి, గాలి లాగేసి, తక్కువ వేడి మీద ఆరబెడతారు. వాక్యూమ్ 650 మిల్లీమీటర్ల పైన నిలబడాలి, మామూలుగా పది గంటల్లో తేమ 0.5 శాతం లోపుకి వచ్చేస్తుంది. ఆ తలుపు చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్ ఒక మూల పాడైంది. మీటర్ 600 దగ్గరే ఆగిపోతోంది, ఆరడానికి పద్నాలుగు గంటలు పడుతోంది. మూడు షిఫ్టుల ఆపరేటర్లకీ ఈ సంగతి తెలుసు. ఒక్కరూ మెయింటెనెన్స్‌కి కాగితం రాయలేదు. ఆ మూల టెఫ్లాన్ టేపు చుట్టి నడిపించారు. మరి నాలుగు గంటలు ఎక్కువ పట్టిందని లాగ్‌బుక్కులో ఎలా రాస్తారు? "కరెంటు పోయింది" అని రాశారు. మా జిల్లాల్లో ఆ కారణాన్ని ఎవరూ ఎదురు ప్రశ్నించరు.

అదే సమయంలో ఇంకో చిన్న సంగతి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా వెళ్లిన మంగళవారం జరుగుతుందని మీకు తెలుసు. మా షిఫ్టులో సగం మందికి ఆరోజు మొక్కులుంటాయి. లీవు అడిగితే "ప్రొడక్షన్ పండగ చేసుకుంటుందా" అని అరుపు. అందుకని ఆ మంగళవారం అందరికీ ఒకేసారి జ్వరం వచ్చేది. నవ్వుకునే విషయంలా ఉంటుంది కానీ నాకు నవ్వు రాదు. అమ్మవారి మొక్కు కోసం అబద్ధం ఆడటం అలవాటైన చేయి డ్రయర్ రికార్డులో అబద్ధం రాయడానికి పెద్దగా వణకదు.

తర్వాత ఆయనకి ట్రాన్స్‌ఫర్ అయింది, ఆయన స్థానంలో క్వాలిటీ విభాగం నుంచి ఒక మేడమ్ వచ్చారు. వచ్చిన కొత్తలో ఒక బ్యాచ్ లేత పసుపు రంగులోకి తిరిగింది. ఎక్కువసేపు వేడి మీద ఉండటం వల్ల ఇంప్యూరిటీ పెరిగిందని క్వాలిటీ వాళ్లు అన్నారు. ఆవిడ డ్రయర్ లాగ్‌బుక్కు తెప్పించుకున్నారు, దాని పక్కన జనరేటర్ లాగ్‌బుక్కు కూడా తెప్పించుకున్నారు. కరెంటు పోయిందని రాసిన రాత్రుల్లో జనరేటర్ తిరిగినట్టు ఎక్కడా లేదు. రెండు పుస్తకాలూ మూసేసి, సీనియర్ ఆపరేటర్‌ని పిలిచి "ఏమైంది" అని మాత్రం అడిగారు. అతను కాసేపు నేల చూసి, "ఏటి రాయమంటారు మేడమ్, రాస్తే ముందు నా పేరే అడుగుతారు" అన్నాడు. ఆవిడ ఏమీ అనకుండా అతనితో డ్రయర్ దగ్గరికి వెళ్లి, తలుపు అంచు వెంబడి చెయ్యి పెట్టి చూశారు. టేపు చుట్టిన మూల దగ్గర గాలి లోపలికి లాగుతోంది, సన్నగా ఈల వేసినట్టు చప్పుడు కూడా వినిపిస్తోంది. ఆరోజే గాస్కెట్ మార్చారు. పద్ధతి తప్పినప్పుడు ఏం జరిగిందో రాసే డీవియేషన్ రిపోర్టు ఆవిడే రాశారు, పాత లాగ్‌బుక్కులో రాసింది నిజం కాదని కూడా అందులోనే రాశారు, ఎందుకలా రాయాల్సి వచ్చిందో కూడా.

ఆ తర్వాత కాగితాల వరద మొదలైంది. వాల్వు మూసినా కారుతోంది, తూకం కాటా తేడా చూపిస్తోంది, ఫలానా థర్మామీటర్ రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది, ఇలా అన్నీ కాగితం మీదకి వచ్చాయి. ఆ నెలల్లో మా విభాగం డీవియేషన్ల సంఖ్య బాగా పెరిగింది. హెడ్డాఫీసు వాళ్లు ఈవిడ వచ్చాక యూనిట్ పాడైపోయిందన్నారు. నిజానికి అప్పుడే యూనిట్ బాగుపడటం మొదలైంది.

ఇది మా ఒక్క యూనిట్ కథ కాదు. ఎమీ ఎడ్మండ్సన్ అని హార్వర్డ్ ప్రొఫెసర్ ఉన్నారు. ఆవిడ 1990ల్లో అమెరికా ఆసుపత్రుల్లో నర్సుల బృందాలు మందులివ్వడంలో చేసే పొరపాట్ల మీద పరిశోధన చేశారు. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే లెక్క ఎదురుతిరిగింది, మంచి నాయకత్వం ఉన్న బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. తీరా చూస్తే వాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, చేసినవి దాచకుండా చెబుతున్నారు. భయం ఉన్నచోట అవి బయటికి రాలేదు. 1996లో అది అచ్చయింది, 1999లో ఒక తయారీ కంపెనీ బృందాల మీద చేసిన మరో పరిశోధనతో ఆవిడ దీన్ని సైకలాజికల్ సేఫ్టీ అన్నారు, అంటే తప్పు బయటికి చెప్పినా తనకేమీ కాదన్న నమ్మకం. అంతకు ముందే, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ పరిశ్రమలకి నాణ్యత పాఠాలు చెప్పిన ఎడ్వర్డ్స్ డెమింగ్, మేనేజ్‌మెంట్‌కి చెప్పిన పద్నాలుగు సూత్రాల్లో ఎనిమిదోది భయాన్ని తరిమేయమని. లెక్కలు చూసి పని చేయించాలనుకునే మనిషికి, భయపడి రాసిన లెక్క ఎందుకూ పనికిరాదు కదా.

మేడమ్‌కి భయం లేదా అంటే, ఉంది. విదేశీ ఆడిట్‌కి ముందురోజు మీటింగులో ఆవిడ అందరి ముందూ "నాకూ టెన్షన్‌గానే ఉంది, రేపు ఇన్‌స్పెక్టర్ నాకు తెలియంది అడిగితే తెలీదనే చెబుతాను, మీలో తెలిసినవాళ్లు చెప్పండి" అన్నారు. పాత మేనేజర్‌కీ ఆవిడకీ నాకు కనిపించిన తేడా ఇదొక్కటే. ఇద్దరి భయమూ దాదాపు ఒకటే. ఆయన దాన్ని దాచడానికి రోజంతా అరిచారు, ఆవిడ రెండు ముక్కల్లో చెప్పేసి పనిలో పడ్డారు.

అలాగని పనిచేసేచోట అసలు భయమే ఉండకూడదని కాదు. తేలిగ్గా అంటుకునే టోలుయీన్ ద్రావకం డ్రమ్ము ఒంపేటప్పుడు ఎర్తింగ్ క్లిప్పు పెట్టకపోతే స్టాటిక్ నిప్పురవ్వ చాలు, ఆ భయం ఉండి తీరాలి. కానీ మేనేజర్‌కి భయపడి తొందరలో ఉన్నవాడే ఆ క్లిప్పు మర్చిపోతాడు, మా షిఫ్టులోనే చూశాను. ఇంకోమాట, భయపడేవాళ్లందరూ అరవరు కూడా. ఎవరికీ చెడ్డ అవకూడదని ప్రతిదానికీ "రేపు చూద్దాం" అనేవాళ్లు, అప్రైజల్లో అందరికీ ఒకే మార్కు వేసేవాళ్లు, వాళ్లదీ భయమే. వాళ్ల కింద బాగా పనిచేసేవాడు ముందు విసిగిపోతాడు.

ఇక మీరేం చేయాలి. మీ మేనేజర్ దేనికి భయపడుతున్నారో ముందు గమనించండి. పైవాళ్ల ఫోన్‌కా, ఆడిట్‌కా, తనకి తెలీదని బయటపడటానికా, కింద నుంచి ఎవరైనా తన సీటుకి వస్తారనా. అరుపు ఎప్పుడు ఎక్కువవుతుందో చూస్తే తెలిసిపోతుంది. పైవాళ్ల ఫోన్‌కి అయితే, చెడ్డ వార్త ఏదైనా మీటింగులో కాకుండా మీటింగుకి ముందే, ఒంటరిగా ఉన్నప్పుడు, అంకెలతో సహా చెప్పండి. "సార్, డ్రయర్ నాలుగు గంటలు లేటు, గాస్కెట్ మార్చాలి, స్టోర్లో ఉంది, ఈరోజు రెండింటికల్లా అయిపోతుంది" అని సమస్యతోపాటు దారి కూడా చెబితే మా పాత మేనేజర్ కూడా అరిచేవారు కాదు. నేను షిఫ్టులో అలాగే నెట్టుకొచ్చాను. అందరి ముందూ ఆయన్ని సరిదిద్దకండి, అది ఆ భయాన్ని ఇంకా పెంచుతుంది. ఆయన నోటితో చెప్పిన నిర్ణయాన్ని అదేరోజు రెండు లైన్ల మెయిల్‌గా, మర్యాదగా, ఆయనకే పంపండి. రేపు మాట మారితే మీకూ రక్షణ, ఆయనకీ గుర్తు.

మీ కింద ఒక్క మనిషి ఉన్నా ఇది మీకూ వర్తిస్తుంది. పైన పడిన అరుపు మీ దగ్గర ఆగాలి. "ఎవరు" అని కాకుండా "ఏమైంది" అని మీరు అడగడం మొదలుపెడితే మేనేజర్ మారకపోయినా మీ షిఫ్టు మారుతుంది.

ఆయన భయం అర్థమైంది కదా అని బూతులు భరించాల్సిన పనిలేదు. ఆయన కష్టం చూసి జాలిపడండి, తప్పులేదు, కానీ ఒంటరిగా కూర్చుని "సార్, తప్పుంటే చెప్పండి, అందరి ముందూ ఇలా అనొద్దు" అని ఒక్కసారైనా చెప్పండి. మీ సంతకంతో తప్పుడు అంకె రాయమన్నారంటే మాత్రం ఇక ఆలోచించొద్దు, రాయనని చెప్పి ఇంకోచోట చూసుకోండి. మీరే రంగంలో ఉన్నారో రాయలేదు. మా రంగమే అయితే అనకాపల్లి జిల్లాలో పరవాడ, అచ్యుతాపురం వైపు కూడా యూనిట్లు చాలా ఉన్నాయి, షిఫ్టు అనుభవం ఉన్నవాళ్లని తీసుకుంటారు. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు వీలైతే ప్లాంటు చూపించమని అడగండి. ఆపరేటర్ మేనేజర్ ముందు నోరు విప్పి మాట్లాడుతున్నాడో లేదో చూడండి.