నడక మూడో పేజీలో మొదలైంది

అమ్మాయ్,

బెజవాడ మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. దుర్గా ఘాట్ నుంచి కృష్ణలంక గోడ దాకా నడక అని పేరు పెట్టావు. కానీ మొదటి పేజీ అంతా ఇంద్రకీలాద్రి స్థలపురాణం, రెండో పేజీ నిండా తేదీలు. నడక మూడో పేజీలో మొదలై అక్కడే అయిపోయింది. విషయం దండిగా సేకరించావు, కానీ నీ పక్కన నడుస్తున్నట్టు నాకు అనిపించలేదు.

తేదీలు తీసెయ్యమని అనను. అవి అవసరమయ్యే చోటికి జరుపు. 1855లో ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజీ అని నడక మొదలవకముందే చెప్పేశావు. అప్పటికి చదివేవాడికి ఇంకా నదే కనిపించలేదు. ముందు అతన్ని బ్యారేజీ మీద నిలబెట్టు. ఎగువకి చూస్తే భవానీ ద్వీపం దాకా నిండు నీళ్లు. రోడ్డు దాటి దిగువకి చూస్తే ఇసక మేటలు, అక్కడక్కడా మడుగులు. ఎందుకిలా అని అతనికి అనిపిస్తుంది కదా, అప్పుడు చెప్పు: ఈ 70 గేట్లు నీటిని ఎత్తి పట్టుకుంటేనే కాలవలకి నీరు ఎక్కుతుంది, డెల్టాలో 12 లక్షల ఎకరాలకు పైగా తడుస్తుంది. ఆ పని మొదట చేసింది పాత ఆనకట్ట. ఇక్కడ 1855 అంటే మనసులో నాటుకుంటుంది.

నేనూ ఈ బ్యారేజీ దగ్గరే తప్పు చేశాను. ఇంట్లో కూర్చుని, వేసవి సాయంత్రం కృష్ణలంక పక్కన నది నిండుగా పారుతోందని రాశాను. ఆ పేటలోనే ఉండే ఒకాయన కార్డు ముక్క రాశారు: "ఎండాకాలం మా వైపు ఇసకేనండీ, మీరు ఎప్పుడు చూశారు?" చాలా రోజులు బాధపడ్డాను. ఆ తరవాత నడవకుండా ఏ చోటు గురించీ రాయలేదు.

"ప్రాచీనతా ఆధునికతా కలగలిసిన నగరం" అన్న వాక్యం కొట్టెయ్. అది ఏ ఊరికైనా సరిపోతుంది. బెజవాడకే సరిపోయేది ఘాట్ మెట్ల మీద ఉంది. దారానికి అయస్కాంతం కట్టి నీళ్లలోకి విసిరే పిల్లాణ్ణి చూశావా? భక్తులు వేసిన చిల్లర ఏరుకుంటాడు. ఇప్పటి స్టీలు నాణేలు అతుక్కుని పైకొస్తాయి. పాత రాగి కానీలు ఉన్నా అతుక్కోవు, అడుగునే ఉండిపోతాయి. వాడి పక్కన పది నిమిషాలు కూర్చో. పైన గుడి మైకు, వెనక 2020లో తెరిచిన ఫ్లైఓవర్ మీద లారీల హోరు, కింద వాడు దారం లాగే చప్పుడు. అన్నీ ఒకేసారి వినిపిస్తాయి. విన్నవి విన్నట్టు రాయి.

వన్‌టౌన్ సందుల్ని ఒక్క వాక్యంలో దాటేశావు, ఫరవాలేదు. ఇది నది వెంట నడక.

కృష్ణలంక గోడ దగ్గర మాత్రం తొందరపడకు. "రక్షణ గోడ కట్టారు" అని రాసి వదిలేశావు. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చినప్పుడు, ఆ గోడకి ఇవతల ఇళ్లు, అవతల నది. ఆ రాత్రులు అక్కడ ఎంత టెన్షన్‌తో గడిచాయో ఆ వీధి ఆడవాళ్లు చెప్పాలి. 2009 వరదలో నీళ్లు ఎన్నో మెట్టు దాకా వచ్చాయో అడుగు. చేత్తో ఇంటి గోడ మీద చూపిస్తారు. ఆ చెయ్యి ఎక్కడ ఆగిందో రాసుకో. క్యూసెక్కుల లెక్క దాని తరవాత రానీ, ముందు కాదు.

ఆదివారం పొద్దున ఆరింటికి దుర్గా ఘాట్ దగ్గర ఉంటాను. నోట్‌బుక్ తెచ్చుకో, ఫోన్ సంచిలో పెట్టుకో. ఈ పాత ప్రతి కూడా పట్టుకురా, బ్యారేజీ మీద కూర్చుని కలిసి చదువుదాం.

ఆశీస్సులతో,
మాస్టారు