డి-18 మహాగని గిటార్‌కు మూడు లక్షలు పెట్టొచ్చా? తొమ్మిదేళ్ళ అనుభవంతో నా జవాబు

మీ ప్రశ్న చదివాను. అయిదేళ్ళుగా ఇరవై వేల రూపాయల గిటార్ మీద వాయిస్తున్నారు. ఇప్పుడు అమెరికా కంపెనీ మార్టిన్ చేసే డి-18 మీద మనసు పడ్డారు. మూడు లక్షలు అనేసరికి ఇంట్లో గొడవ. నిజంగా అంత తేడా ఉంటుందా, రోజ్‌వుడ్ చెక్క కాకుండా మహాగని చెక్కే ఎందుకు, హైదరాబాద్ ఎండలకు తట్టుకుంటుందా, కొత్తది కొనాలా పాతది కొనాలా అని అడిగారు. నా దగ్గర డి-18 తొమ్మిదేళ్ళుగా ఉంది. మూడేళ్ళు న్యూజెర్సీలో, ఆరేళ్ళు కొండాపూర్‌లో. దానితో నేను పడ్డ సంతోషం, పడ్డ ఇబ్బంది రెండూ చెప్తాను.

తేడా ఉంది. చాలా ఉంది. కానీ మొదటి రోజు ఆ తేడా నాకు నచ్చలేదు.

ఎడిసన్‌లో ఉండే రోజుల్లో ఒక శుక్రవారం సెలవు పెట్టి పెన్సిల్వేనియాలోని నాజరెత్ వెళ్ళాను. కారులో గంటన్నర లోపు ప్రయాణం. మార్టిన్ ఫ్యాక్టరీ ఆ చిన్న ఊళ్ళోనే ఉంది. జర్మనీ నుంచి వచ్చిన సి.ఎఫ్. మార్టిన్ 1833లో న్యూయార్క్‌లో దుకాణం పెట్టి, కొన్నేళ్ళకే మకాం అక్కడికి మార్చాడు. ఫ్యాక్టరీని ఆనుకునే మ్యూజియం ఉంటుంది. వచ్చినవాళ్ళు తీసి వాయించుకోవడానికి కొన్ని గిటార్లు కూడా పెడతారు. నేను ముందు డి-28 తీసుకున్నాను. దాని వెనక, పక్క చెక్కలు రోజ్‌వుడ్. ఇ మైనర్ కార్డ్ పట్టి ఒక్కసారి మీటితే గది నిండిపోయింది. గుడి గంట కొట్టాక గాలిలో మిగిలే రొద ఉంటుంది చూడండి, అలాంటిది ప్రతి స్వరం వెనకా ఉంది. నేను ఎంత బాగా వాయిస్తున్నానో అనిపించింది.

తర్వాత డి-18. అదే సైజు, అదే ఆకారం, పైచెక్క అదే సిట్కా స్ప్రూస్. వెనక, పక్కలు మాత్రం మహాగని. అదే ఇ మైనర్ పట్టాను. రొద లేదు. స్వరం వచ్చింది, కాసేపు నిలిచింది, శుభ్రంగా వెళ్ళిపోయింది. ఆరు తీగలూ ఆరుగురు మనుషుల్లా విడివిడిగా వినపడ్డాయి. దానితోపాటు నా ఉంగరం వేలు రెండో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దగ్గర సరిగా నొక్కకపోవడం కూడా వినపడింది. అయిదేళ్ళు వాయించినా ఆ సంగతి నాకు తెలియదు. నా పాత గిటార్ చెప్పలేదు, డి-28 కూడా చెప్పలేదు. కాస్త కంగారు పడి దాన్ని తిరిగి పెట్టేశాను.

ఇంటికి వచ్చాక వారం రోజులు చెవిలో ఆ రెండో గిటారే మోగింది. ఇంకో నెలకు ఒకాయన వాడిన డి-18 అమ్ముతుంటే వెళ్ళి కొనుక్కున్నాను.

మహాగని అలా ఎందుకు మోగుతుందంటే, అది రోజ్‌వుడ్ కంటే తేలిక. ఘనమీటరు మహాగని సుమారు 550 కిలోలు ఉంటే, రోజ్‌వుడ్ 800 దాటుతుంది. బరువైన, గట్టి రోజ్‌వుడ్ శబ్దాన్ని ఎక్కువగా వెనక్కి కొడుతుంది, పై స్థాయి అనుస్వరాలను (అసలు స్వరంతోపాటు సన్నగా మోగే పై స్వరాలను) చాలాసేపు నిలబెడుతుంది. మహాగని వాటిని కొంత తనలో ఇముడ్చుకుని అసలు స్వరాన్ని ముందుకు తెస్తుంది. పాట పాడుతూ వాయించేవాళ్ళు దీన్ని ఇష్టపడేది అందుకే. గొంతుకు చోటు మిగులుతుంది. మీరు పాడతారని రాశారు కాబట్టి ఈ మాట మీకు ముఖ్యం. నేను పాత సినిమా పాటలు పాడుకుంటాను. రోజ్‌వుడ్ గిటార్‌తో నా గొంతు దాని కింద పడిపోయేది, దీనితో ఆ సమస్య లేదు.

ఒక చిన్న విశేషం. రోజ్‌వుడ్ అంటే ఏదో విదేశీ చెక్క అనుకుంటాం. 1969 తర్వాత డి-28లో వాడుతున్నది మన దక్షిణ భారతపు రోజ్‌వుడ్డే. తెలుగులో ఇరుగుడు, జిట్రేగి అంటారు. దూరం నుంచి వచ్చినది మహాగని. దాని సొంత ఊరు మధ్య, దక్షిణ అమెరికా, కరీబియన్ దీవులు.

మహాగని చవక రకం అనే మాట కూడా మీ స్నేహితుడు అన్నాడని రాశారు. మార్టిన్ ధరల పట్టికలో 18 వరస 28 కంటే కింద ఉంటుంది, అది నిజమే. 18 వరసలో కూడా 1917 ప్రాంతం దాకా రోజ్‌వుడ్డే వాడేవారు, తర్వాత మహాగనికి మారారు. డి-18 ఆ పేరుతో వచ్చింది 1931లో. నిర్వాణా బ్యాండ్ రాక్ గాయకుడు కర్ట్ కొబేన్ 1993లో ఎంటీవీ అన్‌ప్లగ్డ్ కచేరీలో వాయించినది 1959 నాటి డి-18ఇ, అంటే డి-18లోనే ఎలక్ట్రిక్ పికప్‌లు బిగించిన రకం. 2020లో వేలం వేస్తే 60 లక్షల డాలర్లు పలికింది. అది ఆయన చెయ్యి పడ్డందుకు వచ్చిన ధర, చెక్కకు కాదు. కానీ అంతటి కచేరీకి ఎన్నుకున్న గిటార్ మహాగనిది. ధర తేడాకు చెక్క దొరికే తీరు, అలంకారం కారణం. శబ్దం హెచ్చుతగ్గుల వల్ల కాదు.

మాది బొబ్బిలి. మా పెద్దమ్మ వీణ వాయించేది. అక్కడ గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి ఒకే చెక్కలో వీణ చేస్తారు, ఏకాండి వీణ అంటారు. చిన్నప్పుడు ఆ చెక్కను వేలి మెటికతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినే పెద్దవాళ్ళను చూశాను. మొదటిసారి డి-18 ఇంటికి తీసుకెళ్ళినప్పుడు పెద్దమ్మ అలాగే వెనక చెక్కను తట్టి చూసింది. తర్వాత నన్ను మోహన రాగం మెల్లగా వాయించమంది. అయిపోయాక, "ఇది మాట పూర్తిగానే అంటోందిరా. నువ్వే మింగేస్తున్నావు" అంది. నాజరెత్‌లో నాకు కలిగిన కంగారుకు ఆవిడ ఒక్క మాటలో పేరు పెట్టింది. ఆ సెలవుల్లో పది రోజులూ రోజుకో అరగంట ఒక్కొక్క స్వరాన్ని పూర్తిగా మోగనిచ్చి, తర్వాతి దానికి వెళ్ళడం సాధన చేయించింది. నా వాయిద్యం మారింది అక్కడి నుంచే. ఈ గిటార్ లేకపోతే ఆ తప్పు నాకు వినపడేదే కాదు, వినపడకపోతే దిద్దుకునేవాణ్ణి కాదు.

ఇక ఎండల సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

ఇంత ఖరీదైన గిటార్లలో పైన, వెనక, పక్కల అన్నీ అసలు చెక్క పలకలే, ప్లైవుడ్ కాదు. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతాయి, తగ్గితే ముడుచుకుంటాయి. అదీ అడ్డంగానే ఎక్కువ, పొడవునా దాదాపు ఉండదు. 45 నుంచి 55 శాతం తేమలో ఉంచమని మార్టిన్ వాళ్ళే చెప్తారు. హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నాలు 30 లోపుకు పడిపోతుంది. ఏసీ వేస్తే ఇంకా ఆరిపోతుంది.

నేను తిరిగొచ్చిన మొదటి ఎండాకాలం, దాన్ని హాల్లో స్టాండ్ మీద పెట్టుకున్నాను. చూడటానికి అందంగా ఉందని. ఏప్రిల్ మూడో వారంలో నెక్ మీద చెయ్యి జరుపుతుంటే అరచేతికి రంపం పళ్ళలా గీసుకుంది. ఫ్రెట్ల చివర్లు బయటికి పొడుచుకొచ్చాయి. అసలు జరిగింది ఏమిటంటే ఫ్రెట్లు కదల్లేదు, కింద ఉన్న నల్లచేవ (ఎబొనీ) పలక ముడుచుకుపోయింది. ఇంకో రెండు రోజులకు ఆరో తీగ ఫ్రెట్లకు తగిలి జీరగా మోగడం మొదలైంది. పైచెక్క కుంగి, తీగలు కిందికి దిగాయి.

టెన్షన్‌తో ఒక రిపేరు షాపుకు పట్టుకెళ్ళాను. వాళ్ళు తేమ సంగతి అడగలేదు, నేనూ చెప్పలేదు. ఫ్రెట్ చివర్లు ఆకురాయితో అరగదీసి, తీగల ఎత్తు పెంచడానికి పొడుగు శాడిల్ (తీగలు ఆనే సన్నని పట్టీ) వేసి ఇచ్చారు. జీర పోయింది. ఇంటికొచ్చి సంబరపడ్డాను. జూలైలో వానలు పడ్డాక చెక్క మళ్ళీ తేమ పీల్చుకుని పైకి లేచింది. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఆరో తీగ ఎత్తు 2.4 మిల్లీమీటర్లు ఉండాల్సింది మూడు దాటిపోయింది. ఎఫ్ కార్డ్ పట్టలేక వేళ్ళు నొప్పి పుట్టేవి. మళ్ళీ కొత్త శాడిల్ చేయించాల్సి వచ్చింది. రెండు రిపేర్ల ఖర్చులో పదో వంతు పెడితే తేమ కొలిచే మీటర్ వచ్చేది. అది కొన్నాక చూస్తే మా హాల్లో 24 చూపించింది.

అందుకే మీకు గట్టిగా చెప్పేది, గిటార్ ఇంటికి రాకముందే మీటర్ కొనండి. వాయించనప్పుడు గిటార్ గట్టి కేసులోనే, మూత వేసి ఉండాలి. గోడకు వేలాడదీయడం, స్టాండ్ మీద వదిలేయడం వద్దు. కేసులో రెండు వైపులా పనిచేసే తేమ ప్యాకెట్లు పెట్టండి. ఆరితే తేమ ఇస్తాయి, ఎక్కువైతే పీల్చుకుంటాయి. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా అవి నా కేసులో మూడు ఉంటాయి, ఒకటి నెక్ తల దగ్గర, రెండు సౌండ్ హోల్‌లో. ప్యాకెట్లు అయిపోయిన వారం చిల్లులు పెట్టిన సబ్బు డబ్బాలో గట్టిగా పిండిన తడి స్పాంజి పెట్టి గడిపేశాను, అదీ బాగానే పనిచేసింది. వానాకాలంలో మాత్రం స్పాంజి తీసేయాలి. ఏ మార్పు కనపడినా ముందు రెండు వారాలు కేసులో ఉంచి చూడండి, చాలావరకు దానంతట అదే సర్దుకుంటుంది. ఆ తర్వాతే ఆకురాయి, శాడిల్. కారు డిక్కీలో అయిదు నిమిషాలు కూడా వద్దు.

"మహాగని" అని లేబుల్ మీద ఉన్నంత మాత్రాన నమ్మకండి. ఇరవై, ముప్పై వేల గిటార్ల మీద రాసే మహాగని చాలాసార్లు పలుచని పొర అతికించిన ప్లైవుడ్. నాటో అనే చెక్కను తూర్పు మహాగని అని అమ్ముతారు, సపీలిని, ఆఫ్రికా ఖయాను కూడా మహాగని అనేస్తారు. సపీలి మంచి చెక్కే, పేరున్న కంపెనీలు వాడతాయి. ఏ చెక్కకు డబ్బిస్తున్నామో మనకు తెలియాలి, అంతే. సౌండ్ హోల్ లోపల చూడండి. వెనక చెక్క లోపలి వైపు నార గీతలు బయటి గీతలతో కలిస్తే అసలు పలక.

అమెరికా నుంచి ఎవరైనా తెస్తే కాగితాలు కావాలా అని భయపడ్డారు. అమెరికా ఖండపు మహాగని 2003 నుంచి సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) రెండో జాబితా నియమాల కిందికి వచ్చింది. ఆ నియమం దుంగలు, కోసిన చెక్క, పొరలు, ప్లైవుడ్ లాంటి వాటికి. తయారైన గిటార్‌కు వర్తించదు. కస్టమ్స్ సుంకం సంగతి వేరు, అది ముందే లెక్కలో వేసుకోండి.

తీగల గురించి ఒక్క మాట. దీనికి సాధారణంగా 12-54 తీగలు వేస్తారు. ఆ అంకెలు అన్నిటికంటే సన్న తీగ, లావు తీగ మందాలు, అంగుళంలో వెయ్యో వంతుల్లో. ఆ ఆరు తీగలూ కలిసి పైచెక్కను లాగే బలం 70 కిలోలకు పైనే. నేను 11-52 ఫాస్ఫర్ బ్రాంజ్ వేస్తాను. గమకం కోసం మూడో తీగ పక్కకు లాగడం తేలికవుతుంది, శబ్దంలో కొంచెం బరువు తగ్గుతుంది. మహాగని మీద కొత్త తీగల మెరుపు నాకు నచ్చదు, వారం పది రోజులు వాయించాకే అసలు గొంతు వస్తుంది. వేళ్ళతో వాయిస్తే దీని మధ్య స్థాయి బాగా పలుకుతుంది. గట్టి ప్లెక్ట్రమ్‌తో (తీగలు మీటే చిన్న బిళ్ళతో) బాదితే కూడా చెదరదు.

కొత్తదా పాతదా అన్నదానికి నా జవాబు, మంచి కేసు ఉన్న పాతది. అయిదారేళ్ళు వాయించిన గిటార్ గొంతు విచ్చుకుని ఉంటుందని చాలామంది వాద్యకారులు నమ్ముతారు, నేనూ నమ్ముతాను. ధర కూడా గణనీయంగా తగ్గుతుంది. చూసేటప్పుడు బ్రిడ్జ్ (పైచెక్కకు అతికించి, తీగలు బిగించే చెక్క ముక్క) వెనక అంచు కింద పల్చని కాగితం దూర్చి చూడండి, లోపలికి వెళ్తే బ్రిడ్జ్ లేస్తోందని అర్థం. బ్రిడ్జ్ నుంచి గిటార్ కింది అంచు దాకా పైచెక్క మీద వెంట్రుక లాంటి గీత ఉందేమో లైట్ పక్కనుంచి వేసి చూడండి. శాడిల్ ఎంత ఎత్తు మిగిలి ఉందో చూడండి. అది ఇప్పటికే బ్రిడ్జ్‌లోకి కూరుకుపోయి, తీగలు ఇంకా ఎత్తుగా ఉంటే, ముందుముందు నెక్ విప్పి మళ్ళీ బిగించే పని ఉంటుంది. ఆ పని తెలిసినవాళ్ళు మన దగ్గర తక్కువ, ఖర్చూ ఎక్కువ. అలాంటిది ఎంత తక్కువకు ఇచ్చినా వదిలేయండి.

వెళ్ళేటప్పుడు మీ పాత గిటార్ కూడా తీసుకెళ్ళండి. ఒకే పాట, ఒకే కుర్చీలో, ముందు దాని మీద, తర్వాత డి-18 మీద వాయించండి. మెల్లగా, పాడుతూ. మీ తప్పులు వినపడి మళ్ళీ వాయించాలనిపిస్తే కొనండి. చెయ్యి ఆగిపోతే ఇంకో ఏడాది ఆగండి, ఈలోగా ఆ మూడు లక్షలు ఎక్కడికీ పోవు. మీరు కొండాపూర్ వైపు ఉంటే చెప్పండి, ఆదివారం సాయంత్రం నా గిటార్ వాయించి చూడొచ్చు. ఇవాళ కేసులో మీటర్ 48 చూపిస్తోంది, తీగలు వేసి పది రోజులైంది.