పాత టాటా ఎస్టేట్‌ను బరంపురం నుంచి తెచ్చుకోవాలంటే

ప్రశ్న: బరంపురంలో 1995 మోడల్ టాటా ఎస్టేట్ డీజిల్ బండికి బేరం కుదిరింది. నాలుగేళ్లుగా షెడ్డులోంచి కదల్లేదు. నరసన్నపేట దాకా నడుపుకుని రావచ్చా? ముందు ఏం చేయించాలి?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: తేవచ్చు, కానీ కొన్న రోజే కాదు. ముందు ఆర్‌సీ చూడండి. పదిహేనేళ్లు దాటిన కారుకి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. అది గానీ, ఇన్సూరెన్స్ గానీ లేకపోతే లారీ మీద ఎక్కించి తెండి. ఒడిశా బండి కాబట్టి అక్కడి ఆర్టీఓ ఆఫీసులో ఫారం 28తో ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలి.

వెంటనే సెల్ఫ్ కొట్టకండి. గ్లో ప్లగ్గులు (స్టార్టింగ్‌కి ముందు ఇంజన్‌లో వేడి పుట్టించేవి) విప్పి, ఇంజన్ ముందు బెల్టు తిప్పే క్రాంక్ పుల్లీ నట్టుకి సాకెట్ పెట్టి ఇంజన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పండి. సాఫీగా తిరిగితేనే ముందుకెళ్లాలి. ట్యాంకులోని పాత డీజిల్ మొత్తం దించేయండి, అడుగున నీరు చేరి ఉంటుంది. డీజిల్ ఫిల్టర్, ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కొత్తవి వేసి, డీజిల్ లైన్లో గాలి తీయించండి. దించిన ఆయిల్ పాల చాయలో ఉంటే అందులో నీళ్లు కలిశాయన్నమాట. అలాంటప్పుడు హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు) మెకానిక్‌కి చూపించకుండా డబ్బు కట్టొద్దు.

ఇంజన్ ఆగితే రోడ్డు పక్కన నిలబడతారు, అంతే. బ్రేకు ఆగితే అలా కాదు. అందుకే అసలు ఖర్చు అక్కడే పెట్టండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీలుస్తుంది. కదలని బండిలో మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టేది) గోడకి తుప్పు పడుతుంది. బ్లీడ్ చేసేటప్పుడు, అంటే బ్రేక్ లైన్లో పాత ఆయిల్, గాలి తీసేటప్పుడు, పెడల్‌ని నేలదాకా తొక్కితే, ఎప్పుడూ వెళ్లని ఆ తుప్పు చోటికి రబ్బరు వాషర్ వెళ్లి చీలిపోతుంది. పెడల్ కింద చెక్క ముక్క పెట్టి తొక్కించండి. లీటరు కొత్త డాట్ 3 ఆయిల్ సరిపోతుంది. మొదట వెనక ఎడమ చక్రం బ్లీడ్ చేయాలి, తర్వాత వెనక కుడి, ఆ తర్వాత ముందు ఎడమ, చివరికి ముందు కుడి. బ్రేక్ డ్రమ్ములు విప్పి వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేకుని నెట్టేది) రబ్బరు తొడుగు ఎత్తి చూడండి, లోపల తడి ఉంటే ఆ సిలిండర్ రబ్బర్ల కిట్ మార్చాల్సిందే.

టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి. 1217 అంటే 2017లో 12వ వారం తయారీ. ఆరేళ్లు దాటినవి పైకి ఎంత కొత్తగా కనిపించినా హైవేకి పనికిరావు. రేడియేటర్ గొట్టాలు, ఫ్యాన్ బెల్టు మార్చేయండి, ఇవి పెద్ద ఖర్చు కాదు.

ఎస్టేట్ లాంటి స్టేషన్ వ్యాగన్‌కి ప్రత్యేకంగా చూడాల్సింది వెనక తలుపు. దాని రబ్బరు బీడింగ్ పోతే నడిచేటప్పుడు పొగ లోపలికి లాగుతుంది. తలుపు తెరిచి సామాను కట్టుకుని నడపొద్దు. స్టెప్నీ గుంట, కార్పెట్ కింద రేకు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, సముద్రం గాలికి తుప్పు అక్కడే మొదలవుతుంది.

పగటిపూటే బయల్దేరండి, 60 దాటొద్దు. ఇచ్ఛాపురంలో ఆపి నాలుగు చక్రాల హబ్‌ల (మధ్య భాగాల) దగ్గర చెయ్యి పెట్టండి. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోందో, బేరింగ్ పోయిందో. పలాసలో, టెక్కలిలో మళ్లీ చూడండి.

ప్రశ్న: ఈ బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించవచ్చా?

జవాబు: కుదరదు. 2021 కేంద్ర నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బండ్లకే అది వర్తిస్తుంది. మీది మామూలు రెన్యువల్ కిందే నడుస్తుంది.